గురి... గింజలోనే ఉంది!

బంగారం కొట్లో త్రాసు ముల్లు కాస్త అటూ ఇటూ ఊగినా గుండె ఝల్లుమంటుంది. కానీ అక్కడ పోయేది డబ్బే. అమెరికాలో కొందరికి ఇంతకన్నా సున్నితమైన తూకంతో పని. అక్కడ లెక్క తప్పితే పోయేది వేళ్లు, ఒక్కోసారి కళ్లు. కాల్చేసిన తూటాలో మళ్లీ మందు కూరుకునే ఆ 'రీలోడింగ్' సరదాలో అసలు హీరో తుపాకీ కాదు... తక్కెడ!

ఆదివారం ఉదయం. అమెరికాలో ఓ ఇంటి గ్యారేజీ. కారు బయట ఎండలో ఉంది. లోపల గోడవారగా పొడవాటి చెక్కబల్ల. దాని మీద మెరిసిపోతున్న ఇత్తడి గొట్టాలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. బల్ల ముందు కూర్చున్నాయన ఫ్యాన్ ఆపేశాడు. సెల్‌ఫోను అవతల గదిలో పెట్టేశాడు. చిన్న పళ్లెంలో నల్లటి పలుకులు ఒక్కొక్కటే పడుతుంటే ఊపిరి బిగబట్టి త్రాసు ముల్లునే చూస్తున్నాడు. పూజలో కూర్చున్నవాడికి కూడా అంత ఏకాగ్రత ఉండదేమో!

ఇంతకీ ఆయన చేస్తున్నది తన తూటాలు తానే తయారు చేసుకోవడం. అక్కడ వేటగాళ్లకు, షూటింగ్ పోటీలకు వెళ్లేవాళ్లకు ఇదో పాత అలవాటు. సొంత వాడకానికైతే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మకానికి చేస్తే మాత్రం తప్పనిసరి.

తూటాలో ఉండేవి నాలుగే. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. కాల్చాక మూడూ ఖర్చయిపోతాయి, గొట్టం మాత్రం మిగులుతుంది. ఖరీదైనదీ అదే. దాన్ని పారేయడం ఎందుకని మళ్లీ నింపుకుంటారు. డబ్బు ఆదా ఒక కారణం. తన తుపాకీకి సరిగ్గా నప్పే తూటా దొరకడం రెండోది. ఈ పనిలో మిగతావన్నీ ఒక ఎత్తు, మందు కొలవడం ఒక్కటీ ఒక ఎత్తు.

తులంలో నూట ఎనభయ్యో వంతు

ఈ మందును గ్రాముల్లో తూచరు. 'గ్రెయిన్'లలో తూస్తారు. గ్రెయిన్ అంటే అక్షరాలా గింజే. ఒకప్పుడు ఐరోపాలో బార్లీ గింజ ఎత్తును బట్టి పుట్టిన కొలత. ఒక గ్రాముకు 15.43 గ్రెయిన్లు. పౌనుకు 7,000.

ఎక్కడో విన్నట్టుందా? ఇది మనకూ తెలిసిన కొలతే. 1833లో ఈస్టిండియా కంపెనీ మన తులాన్ని 180 గ్రెయిన్లుగా ఖాయం చేసింది. అదే 11.66 గ్రాములు. తులానికి 96 గురిగింజలన్న పాత లెక్క పట్టుకుంటే, ఒక్కో గురిగింజ ఎత్తు రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ. పాతకాలపు డాక్టర్లు 'ఐదు గ్రెయిన్ల ఆస్పిరిన్' అని రాసేవారు. 325 మిల్లీగ్రాముల బిళ్ల దాని వారసురాలే.

రీలోడింగ్ బల్ల మీద పట్టింపు ఒక్క గ్రెయిన్ దగ్గర ఆగదు. అందులో పదో వంతు దాకా వెళ్తుంది. అంటే ఆరున్నర మిల్లీగ్రాములు. ఒక గురిగింజను పందొమ్మిది ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క!

అంత పట్టింపు ఎందుకు?

పూర్వం వాడిన నల్లమందుకు ఇంత చాదస్తం లేదు. దాన్ని గిద్దతో కొలిచినట్టు చిన్న కొలపాత్రతో కొలిచి పోసేవారు. 1884లో ఫ్రాన్సుకు చెందిన పాల్ వీయ్ పొగరాని మందు తయారు చేయడంతో కథ మారింది. అది నల్లమందు కంటే దాదాపు మూడు రెట్లు శక్తిమంతం. కొంచెం మందు పెద్ద పని చేస్తున్నప్పుడు, కొంచెం పొరపాటు కూడా పెద్ద పనే చేస్తుంది.

కారు టైరులో గాలి ఒత్తిడి 30, 35 పీఎస్ఐ. వేటకు, పోటీలకు బాగా వాడే .308 విన్‌చెస్టర్ తూటా పేలినప్పుడు లోపల పుట్టే ఒత్తిడికి అమెరికన్ పరిశ్రమ పెట్టిన గరిష్ఠ హద్దు 62,000 పీఎస్ఐ. పైగా మందు కాస్త పెరిగితే ఒత్తిడి కూడా 'కాస్తే' పెరుగుతుందన్న భరోసా లేదు. హద్దు దగ్గరికొచ్చే కొద్దీ అది ఎగబాకుతుంది.

పిస్తోలు తూటాలతో ఇంకో చిక్కు. 9 ఎంఎం తూటాలో పట్టే మందు చాలా రకాల్లో ఐదారు గ్రెయిన్లే. అందులో అర గ్రెయిన్ తేడా అంటే దాదాపు పది శాతం. అంతకన్నా ముప్పు ఏమిటంటే, కొన్ని మందులకు గొట్టం సగం కూడా నిండదు. పరధ్యానంలో రెండోసారి పోసినా పొంగిపొర్లదు, కంటికి పట్టదు. ఆ తూటా పేలితే తుపాకీ చేతిలోనే చీలిపోవచ్చు. అసలు మందే పోయకపోతే? గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. అది చూసుకోకుండా ఇంకోటి పేల్చారా... అదీ ప్రమాదమే.

ఆవాలు, అటుకులు, సేమ్యా

కొలిచే సాధనం కొనేముందు మందు రూపం తెలియాలి. పొగరాని మందు ముఖ్యంగా మూడు రూపాల్లో వస్తుంది. ఆవాల్లా గుండ్రంగా ఉండేది ఒకటి. అటుకుల్లా పలచగా ఉండేది రెండోది. సేమ్యా తుంచినట్టు సన్నటి పుల్లల్లా ఉండేది మూడోది.

ఆవాల్లాంటి మందు నీళ్లలా జారుతుంది. కొలపాత్రలో ప్రతిసారీ ఇంచుమించు ఒకేలా పడుతుంది. పుల్లల మందు అలా కాదు. ఒకదానికొకటి అడ్డం పడతాయి, గరాటులో ఇరుక్కుంటాయి. సోలతో బియ్యం కొలిచేవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. కుదిపి కొలిస్తే ఒక లెక్క, కుదపకుండా కొలిస్తే ఇంకో లెక్క. పాత్ర అదే, బియ్యం అవే, తూకం వేరు.

చెంచా నుంచి చిప్పు దాకా

అన్నిటికన్నా చవకైనది ప్లాస్టిక్ చెంచాల సెట్టు. విస్కాన్సిన్‌కు చెందిన లీ ప్రెసిషన్ కంపెనీ సెట్టులో 0.3 సీసీ నుంచి 4.3 సీసీ దాకా 15 చెంచాలుంటాయి. ముంచి, పైన అట్టముక్కతో గీసి పోయడమే. సవ్యంగా ముంచే చెయ్యి ఉంటే బానే పనిచేస్తుంది. కానీ తక్కెడతో సరిచూడకుండా చెంచాను నమ్మడానికి లేదు.

తర్వాతది 'పౌడర్ మెజర్'. పైన మందు పోసే గొట్టం, కింద తిరిగే ఇనుప డ్రమ్ము, డ్రమ్ములో చిన్న గుంట, పక్కన పిడి. పిడి పైకెత్తితే గుంట నిండుతుంది, దించితే తూటాలో పడుతుంది. నిమిషానికి ఎన్నో కొలతలు పోయొచ్చు. రహస్యమంతా పిడి తిప్పే చేతిలో ఉంది. ఒకసారి మెల్లగా, ఒకసారి విసురుగా తిప్పితే కొలత మారిపోతుంది. పై గొట్టంలో మందు అడుగంటినా మారుతుంది. అందుకే తెలిసినవాళ్లు మొదటి పది కొలతలు తిరిగి గొట్టంలోనే పోసేస్తారు. ఆ తర్వాత పది కొలతలు కలిపి తూచి, పదితో భాగించి సగటు చూస్తారు. సగటు సరిపోయాక కొన్నిటిని విడివిడిగానూ తూస్తారు. సగటు బాగున్నంత మాత్రాన ప్రతిదీ బాగున్నట్టు కాదుగా!

మూడోది దండె త్రాసు. మన కంసాలి త్రాసుకు అమెరికన్ దాయాది. ఒకవైపు పళ్లెం, ఇంకోవైపు దండె మీద జరిగే చిన్న బరువులు, చివర ముల్లు. ఊగిసలాట త్వరగా ఆగడానికి అయస్కాంతం. దీనికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అయిపోదు. పదో వంతు గ్రెయిన్ తేడాను పట్టేస్తుంది. నెమ్మది ఒక్కటే లోపం. దీనికి జోడీ 'ట్రిక్లర్' అనే సన్నగొట్టం. కొలత కాస్త తక్కువ పోసుకుని, గొట్టాన్ని వేళ్లతో తిప్పుతూ మిగతా మందును పలుకు పలుకుగా రాలుస్తారు.

నాలుగోది ఎలక్ట్రానిక్ కాటా. అంకె చటుక్కున కనిపిస్తుంది, కళ్లకు శ్రమ లేదు. కానీ చవకరకం కాటాకు అలకలెక్కువ. గది వేడెక్కితే అంకె మారుతుంది. ఫ్యాను గాలి తగిలితే మారుతుంది. పక్కన సెల్‌ఫోనున్నా మారొచ్చు. పలుకు పలుకుగా మందు రాలుస్తుంటే ఒక్కోసారి కదలకుండా మొండికేస్తుంది. పళ్లెం ఎత్తి మళ్లీ పెడితేగానీ అసలు లెక్క చెప్పదు.

ఐదోది తనే పోసి, తనే తూచే యంత్రం. ఆర్‌సీబీఎస్ కంపెనీ ఛార్జ్‌మాస్టర్ ఇందులో పేరున్నది. ఎంత కావాలో అంకె నొక్కితే చాలు, మరతో మందు తోసి, దగ్గరకొచ్చాక నెమ్మదించి ఆగుతుంది. తేడా అటో ఇటో పదో వంతు గ్రెయిన్.

చివరిది ప్రయోగశాలల కాటా. జపాన్ కంపెనీ ఏ అండ్ డీ తయారు చేసే ఎఫ్ఎక్స్-120ఐ గ్రాములో వెయ్యో వంతును చూపిస్తుంది. గ్రెయిన్లలో చెప్పాలంటే 0.02. పుల్లల మందులో ఒక్క పలుకు ఎత్తు సుమారు అంతే! దీనికి మందు పోసే పరికరం కూడా తగిలిస్తే ఖర్చు వెయ్యి డాలర్లు దాటుతుంది.

ఎవరికి ఏది?

ఖరీదైనదే మంచిదనుకుంటే ఇక్కడ బోల్తా పడ్డట్టే. పోటీల లోకంలోనే దీనికి సాక్ష్యముంది. 100, 200 గజాల దూరంలో రంధ్రం మీద రంధ్రం పడేలా కాల్చే 'బెంచ్‌రెస్ట్' పోటీదారుల్లో చాలామంది మందును తూచనే తూచరు. మైదానంలోనే మంచి పౌడర్ మెజర్‌తో కొలిచి పోసేస్తారు. ఆ దూరంలో రవ్వంత తేడా లక్ష్యం మీద కనిపించదు. చెయ్యి నిలకడగా ఉండటమే ముఖ్యం.

అదే 1,000 గజాల 'ఎఫ్-క్లాస్' పోటీకి వెళ్తే లెక్క తిరగబడుతుంది. నలభై పైచిలుకు గ్రెయిన్ల మందు పట్టే తూటాలో పదో వంతు గ్రెయిన్ మారితే గుండు వేగం సెకనుకు ఐదారు అడుగులు మారుతుంది. వెయ్యి గజాలు వెళ్లేసరికి అది సుమారు రెండంగుళాల ఎత్తు తేడా అవుతుంది. అక్కడ పది మార్కుల వలయం వెడల్పు పదంగుళాలు, దాని నడిమి వలయం ఐదు. అటో పదో వంతు, ఇటో పదో వంతు అంటే నాలుగంగుళాలు తక్కెడ దగ్గరే పోయినట్టు! వాళ్లు ప్రయోగశాల కాటా కొంటున్నారంటే కొనరూ మరి!

సరదాగా పిస్తోలు కాల్చేవాడికి మంచి పౌడర్ మెజర్, సరిచూసుకోవడానికి ఓ దండె త్రాసు చాలు. ఏటా ఒకటి రెండు సార్లు వేటకెళ్లేవాడికి దండె త్రాసు, ట్రిక్లర్ సరిపోతాయి. వందల కొద్దీ రైఫిల్ తూటాలు చేసేవాడికి యంత్రం కలిసొస్తుంది. తూచడం మాత్రం ఎవరికీ తప్పదు. అందుకే 'మొదట కొనాల్సింది తక్కెడ, మిగతావన్నీ తర్వాత' అంటారు.

తక్కెడకూ పరీక్ష

కొన్నాక అసలు పని మొదలు. బల్ల కదలకూడదు, వాలు ఉండకూడదు. ఎలక్ట్రానిక్ కాటాను ముందే ఆన్ చేసి అరగంట వదిలేయాలి. తర్వాత తూకపు రాళ్లతో పరీక్షించాలి. నలభై గ్రెయిన్ల మందు తూచేవాడు నలభైకి దగ్గరగా ఉండే రాయితోనే చూడాలి. ఐదొందల గ్రెయిన్ల దగ్గర నిజం చెప్పే కాటా నలభై దగ్గర అబద్ధమాడొచ్చు.

ఇంకో ఉచ్చు మీట దగ్గరుంది. చాలా కాటాలు గ్రాములు, గ్రెయిన్లు రెండూ చూపిస్తాయి. పొరపాటున మీట నొక్కుకుపోతే పదిహేను రెట్ల తేడా. ప్రతిసారీ అంకెతోపాటు పక్కనున్న అక్షరాలూ చదవాలి.

బల్ల మీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా ఉండాలి. ఎంత పోయాలన్నది మందు కంపెనీల పుస్తకం చెప్పాలి, పక్కింటాయన కాదు. అందులోని కనిష్ఠంతో మొదలుపెట్టాలి. గుండు బిగించేముందు ప్రతి గొట్టంలోకీ లైటు వేసి చూడాలి. ఒకటి నిండుగా, ఒకటి వెలితిగా కనిపిస్తే ఆగిపోవాలి. టీవీ, కబుర్లు, సిగరెట్టు... మూడూ నిషేధం.

మన దగ్గరైతే నేరం!

చదివి ఉత్సాహపడేవాళ్లకు ఒక్క మాట. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. మన తెలుగువాళ్లకు పతకాలు తెచ్చిన షూటింగ్‌తోనూ దీనికి చుట్టరికం లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌తో. అందులో మందే ఉండదు, గాలి ఒత్తిడే. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు సాధించిన ఈషా సింగ్ ఆడే 25 మీటర్ల పోటీకి వాడేది .22 తూటా. నిప్పు పుట్టించే రసాయనం దాని అంచులోనే ఉంటుంది కాబట్టి మామూలుగా మళ్లీ నింపేది కాదు.

మళ్లీ ఆ గ్యారేజీకి వెళ్తే... ఆయన యాభై తూటాలకు మందు పోయడం పూర్తి చేశాడు. ఇక గుండ్లు బిగించడమే తరువాయి. కానీ లేవలేదు. పొద్దున పెట్టిన తూకపు రాయినే మళ్లీ పళ్లెంలో పెట్టాడు. ముల్లు అదే గీత మీద నిలిచాక గానీ మొదటి గుండు చేతిలోకి తీసుకోలేదు. గీత తప్పి ఉంటే యాభై గొట్టాల్లోని మందునూ వెనక్కి పోసేసేవాడే.

గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. తక్కెడ కూడా అంతే. ఇరవై డాలర్లదైనా, వెయ్యి డాలర్లదైనా తన తప్పు తాను చెప్పుకోదు. కనిపెట్టాల్సింది తూచేవాడే!