అవ్వ మాటలు దాచేందుకు ఇల్లెక్కడ?

తమిళనాడు ప్రభుత్వం 2011లో ప్రారంభించిన ఉచిత ల్యాప్‌టాప్ పథకం మన హోసూరు, కృష్ణగిరి పిల్లల ఇళ్లకు కూడా చేరినది. తొలి విడతలలో ఇచ్చిన యంత్రాలలో విండోస్‌తోపాటు, సి-డాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్స్ కూడా ఉండేది. ఒకే యంత్రంలో రెండు కాపురాలు. ప్రోగ్రాము రాయబూనిన విద్యార్థికి మొదటి చిక్కు ఇక్కడే ఎదురవుతుంది.

బాగలూరు దగ్గర ఒక విద్యార్థిని తన అవ్వ నోట విన్న తెలుగు మాటలను పోగుచేసే చిన్న ప్రోగ్రామును రాసినదనుకొందాం. మాటలన్నీ ఒక ఫైలులో చేరాలి. ఆ ఫైలు ఎక్కడ ఉండవలెను? తన యంత్రంలో కనిపించిన ఫోల్డరు దారినే యథాతథంగా ప్రోగ్రాములో రాసుకొన్నది. పని జరిగినది. అదే ప్రోగ్రామును కృష్ణగిరిలోని స్నేహితురాలికి ఇస్తే మొదటి నిమిషంలోనే ఆగిపోయినది. ఆ యంత్రంలో ఆ దారి లేదు మరి!

ప్రతి వాడుకరికీ కంప్యూటరు ఒక సొంత ఫోల్డరును కేటాయిస్తుంది. దీనిని ‘హోమ్’ అంటారు. లినక్స్‌లో ఇది సాధారణంగా ‘హోమ్’ అనే పెద్ద ఫోల్డరు కింద, మ్యాక్‌లో ‘యూజర్స్’ కింద ఉంటుంది. విండోస్ ఎక్స్‌పీలో ‘డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్’ కింద ఉండేది. 2007లో వచ్చిన విస్టా నుండి ‘యూజర్స్’ కిందకు మారినది. జర్మన్ ఎక్స్‌పీలోనైతే ఆ పెద్ద ఫోల్డరు పేరే జర్మన్‌లో ఉండేది. కనుక ఊహించి రాసిన దారి ఎప్పుడో ఒకప్పుడు తప్పక తప్పుతుంది. కొత్త ఊరిలో ఇల్లు వెదికేవాడు ఊరివారిని అడిగినట్లు, ప్రోగ్రాము కూడా వ్యవస్థనే అడగవలెను.

అడిగే పద్ధతి ఒక్కటి కాదు. లినక్స్, మ్యాక్‌లలో ‘హోమ్’ అనే పరిసర చరరాశి జవాబు చెబుతుంది. నేపథ్యంలో నడిచే కొన్ని సేవలకు అది ఉండదు. అప్పుడు వాడుకరుల ఖాతాల పట్టికను చూడాలి. విండోస్‌లో ‘యూజర్‌ప్రొఫైల్’ అనేది ఆ పని చేస్తుంది. అక్కడ ‘హోమ్’ మామూలుగా ఉండదు గానీ, లినక్స్ నుండి వచ్చిన కొన్ని పరికరాలు దానిని పెడతాయి. పైథాన్ భాష 3.8కు ముందు విండోస్‌లో కూడా ‘హోమ్’కే మొదటి మర్యాద ఇచ్చేది. అది వేరే ఫోల్డరును చూపితే, ఒక కిటికీ నుండి నడిపినప్పుడు కనిపించిన మాటలు మరొక కిటికీ నుండి నడిపినప్పుడు మాయమయ్యేవి! ఫైలు పోలేదు, ప్రోగ్రామే వేరే ఇంటి తలుపు తట్టినది. జావా కథ ఇంకా విచిత్రం. ఎనిమిదవ సంచికకు ముందు అది విండోస్‌లో డెస్క్‌టాప్ ఎక్కడున్నదో చూసి, దాని పై ఫోల్డరే ఇల్లు అనుకొనేది. డెస్క్‌టాప్‌ను డి డ్రైవుకు మార్చుకొన్నవారి ఇల్లు కూడా దానితోపాటే తరలిపోయేది.

ఇల్లు దొరికినా, అన్నిటినీ నడి ఇంట్లో పరచరాదు. సెట్టింగులకు లినక్స్‌లో చుక్కతో మొదలయ్యే ‘కాన్ఫిగ్’ ఫోల్డరు, మ్యాక్‌లో ‘లైబ్రరీ’లోని ‘అప్లికేషన్ సపోర్ట్’, విండోస్‌లో ‘యాప్‌డేటా’ ఉన్నవి. (చుక్కతో మొదలైన పేర్లు కనబడకపోవడం తొలి యూనిక్స్‌లోని ఒక అడ్డదారి ఫలితమే, ఎవరూ ఆలోచించి పెట్టిన ఏర్పాటు కాదు.) అయితే మన విద్యార్థిని మాటల పట్టిక సెట్టింగు కాదు. సెట్టింగు పోతే మళ్లీ పెట్టుకోవచ్చును. అవ్వ చెప్పిన మాట పోతే ఎవరిని అడగగలం? కనుక అది కంటికి కనిపించే ‘డాక్యుమెంట్స్’ ఫోల్డరులో ఉండుటే మేలని నా అభిప్రాయం. పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోవడమూ సులభం. కానీ దాని చిరునామానూ అడిగే తెలుసుకోవాలి. విండోస్‌లో అది వన్‌డ్రైవ్ కిందకు మారి ఉండవచ్చు. తెలుగులో నడిచే లినక్స్‌లో ఆ ఫోల్డరు పేరే తెలుగులో ఉండవచ్చు.

మనకు ముఖ్యమైన చిక్కు ఇదే. విండోస్‌లో ఖాతాను ‘లక్ష్మి’ అని తెలుగులో తెరిస్తే ఇంటి ఫోల్డరు పేరూ తెలుగులోనే ఏర్పడుతుంది. పాత ప్రోగ్రాములు వాడే ‘ఆన్సి’ కోడ్ పట్టికలలో తెలుగుకు చోటు లేదు. అవి ప్రతి సంకేతాన్నీ ప్రశ్నార్థకంగా మార్చేస్తాయి. విండోస్ ఫైలు పేర్లలో ప్రశ్నార్థకం నిషిద్ధం. తన ఇంట్లోకి తానే పోలేని స్థితి! యూనికోడ్‌లో ‘లక్ష్మి’ ఏడు సంకేతాలు. యూటీఎఫ్-8లో 21 బైట్లు. లినక్స్‌లో ఫైలు పేరుకు 255 బైట్లు హద్దు కాబట్టి 85 తెలుగు సంకేతాలు పడతాయి. చోటుకు కొరత లేదు, చదివే పద్ధతిలోనే లోపం. యూనికోడ్ పద్ధతిలో ఇంటి దారిని అడిగితే ఈ బాధ ఉండదు. విండోస్ 10 యొక్క 1903 సంచిక నుండి ప్రోగ్రాము తనకు యూటీఎఫ్-8 కావాలని ప్రకటించుకొనే వీలు కూడా కలదు.

“ఖాతా పేరును ఇంగ్లీషులోకి మార్చుకోండి” అని సలహా ఇచ్చేవారు కద్దు. అది ప్రోగ్రాము తప్పును వాడుకరి నెత్తిన రుద్దడమే. ప్రోగ్రాము రాసే విద్యార్థులు తమ యంత్రంలో ఒక కొత్త ఖాతాను తెలుగు పేరుతో, నడుమ ఒక ఖాళీతో తెరిచి, డాక్యుమెంట్స్‌ను మరో డ్రైవుకు మార్చి, అక్కడ తమ ప్రోగ్రామును నడిపి చూడగలరు. పది నిమిషాల పని.