తన్నిన బంతి ఫొటోలో ఎందుకు సాగుతుంది?

అనంతపురం ఆర్‌డీటీ మైదానంలోనో, మన ఊరు మంగళవాడలో ఏ ఖాళీ జాగాలోనో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే ఫొటో తీశారనుకోండి. గోల్‌పోస్ట్ చక్కగా పడుతుంది. బంతి మాత్రం సాగిపోయి, అంచులు చెదిరిపోయి ఉంటుంది. ఎందుకు?

బటన్ నొక్కగానే కెమెరా కొంతసేపు వెలుతురును పోగుచేసుకుంటుంది. ముగ్గుపిండి వదులుతూ చెయ్యి జరిపితే గీత పడుతుంది, జరపకపోతే చుక్కే. బంతి వెలుతురూ అంతే. గట్టిగా తన్నిన బంతి సెకనుకు 20 మీటర్లు పోతుందనుకుందాం. కెమెరా సెకనులో 50వ వంతు సేపు వెలుతురు పోగుచేస్తే, ఆలోపు అది 40 సెంటీమీటర్లు జరుగుతుంది. బంతి వెడల్పే దాదాపు 22! అదే కెమెరాలో ఆ సమయాన్ని సెకనులో 1000వ వంతు పెడితే జరిగేది 2 సెంటీమీటర్లే.

మరి ఎప్పుడూ అలాగే తీయొచ్చుగా? వెలుతురు చాలాలి కదా! 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉన్న పావగడ ఎండలో ఆ బెంగ లేదు. పొద్దు వాలితేనే చిక్కు. అప్పుడు ఐఎస్ఓ పెంచాలి, అంటే అందిన కాస్త వెలుతురునే కెమెరా ఎక్కువ చేసి చూపిస్తుంది. ఫొటోలో రవ్వలు వస్తాయి. రానివ్వండి, చెదిరిన ముఖం కంటే అవే నయం.

ఇంకో జాగ్రత్త: మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలు చప్పుడు లేకుండా కూడా తీస్తాయి. కానీ ఆ పద్ధతిలో చాలా కెమెరాలు బొమ్మను పైనుంచి కిందికి వరసవరసగా చదువుతాయి. కింది వరసకు వచ్చేసరికి బంతి పక్కకు జరిగిపోతుంది, ఫొటోలో వంకరగా కనిపిస్తుంది. అందుకే ఆటలకు లోపలి తెర కదిలి చప్పుడు చేసే మెకానికల్ షట్టరే పెట్టుకోండి.