తల్లి పీల్చు గాలి – బిడ్డ చర్మము

మోచేతి మడతలను గోకికొనుచు, పాఠముపై మనస్సు నిలుపలేని పిల్లవాడు ఒక్కొక్కప్పుడు తరగతిలో కనిపించును. వాని చర్మము పొడిబారి, ఎఱ్ఱబడి, పొలుసులు లేచియుండును. అంటుకొనునేమో యని తోటి పిల్లలు దూరముగా జరుగుదురు. గజ్జి, తామర అంటుకొనునవే. కాని చూచుటకు వానివలెనే యుండు ఎక్జిమా అను వ్యాధి అంటుకొనదు.

ఇది ఎట్లు కలుగును? మన చర్మపు పై పొర ఒక గోడ వంటిది. లోపలి తేమను బయటికి పోనీయదు; బయటి దుమ్మును, సూక్ష్మజీవులను లోనికి రానీయదు. ఈ గోడ బలహీనమైనచో తేమ హరించిపోవును. పరాయి పదార్థములు లోనికి చొరబడును. వానిని ఎదుర్కొను ప్రయత్నములో చర్మము వాచి దురదపెట్టును. ఈ బలహీనత కొందరికి వంశపారంపర్యముగా వచ్చును. అయితే గోడ కట్టుట మొదలగునది తల్లి కడుపులోనే. సుమారు 24వ వారము నాటికి శిశువు చర్మపు పై పొర గట్టిపడ నారంభించును. మఱి ఆ నెలలలో తల్లి పీల్చు పొగకు ఇందులో పాత్ర ఉన్నదా?

పొగలోని సూక్ష్మ రేణువుల వ్యాసము 2.5 మైక్రానులకు మించదు. అనగా తలవెండ్రుక మందములో ఇరువదియవ వంతైన ఉండదు. మసి రేణువులు మావిలో శిశువు వైపున గూడ చేరినట్లు 2019లో బెల్జియము శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

పోలండు దేశమందలి క్రాకో నగరములో చలికాలమున ఇండ్లను బొగ్గుతో వేడిచేయుట చిరకాలపు అలవాటుగా ఉండెను. అచ్చట 469 మంది గర్భిణులు పీల్చు గాలిని, వారి వెంటనే యుండు చిన్న పరికరముతో 48 గంటలపాటు కొలిచిరి. ప్రసవానంతరము ఒక సంవత్సరము, మూడు నెలల కొకసారి, బిడ్డల ఆరోగ్యమును విచారించిరి. ఫలితములు 2011లో వెలువడినవి. కొందరు తల్లులు పీల్చిన గాలిలో ఘనమీటరుకు 53 మైక్రోగ్రాములకు మించి రేణువులు ఉండెను. ఒక దినమునకు సగటున 15 మించరాదని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది.

గర్భములో తగిలిన రేణువులు మాత్రమే గాని, పుట్టిన పిమ్మట ఇంటిలోని పొగాకు పొగ మాత్రమే గాని స్పష్టమైన భేదము చూపలేదు. రెండును కలిసినచోట ఎక్జిమా సంభావ్యత 2.39 రెట్లు కనబడినది. ఇట నొక హెచ్చరిక అవసరము. లెక్క ప్రకారము అసలు విలువ 1.1 మొదలు 5.2 వరకు ఎక్కడనైన ఉండవచ్చును. రెండు విషయములు కలిసి కనిపించినంతమాత్రమున ఒకటి రెండవదానికి కారణమని ఋజువు కాదు.

అయినను ఇందులో మనకు పనికివచ్చు సంగతి కలదు. తల్లిని నిందింపవలసిన పని లేదు. ఆమె గాలిని ఆమె ఒక్కతెయే నిర్ణయింపజాలదు. క్రాకో నగరము 2019 సెప్టెంబరు 1 నుండి బొగ్గును, కట్టెలను కాల్చుట నిషేధించినది. మన ఇండ్లలో గర్భిణిని కట్టెలపొయ్యి పొగకు దూరముగా నుంచుట, బీడీ, సిగరెట్టు ఇంట వెలిగింపకుండుట ఇంటివారందరి బాధ్యత.

తరగతిలో ఉపాధ్యాయుడు చేయదగిన పని ఇంకను సులభము. దూరముగా జరిగిన పిల్లలకు కారణము చెప్పి, మరల ఆ బల్లపైననే కూర్చుండబెట్టవలెను.