50 ఏళ్లు.. 8,019 మ్యాచ్‌లు.. ఒక్క నో-హిట్టర్ లేదు! న్యూయార్క్ మెట్స్ పిచింగ్ రికార్డుల్లో వింత కథ

అమెరికా బేస్‌బాల్‌లో పిచర్ అంటే మన క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు. మామూలుగా ఒక మ్యాచ్‌లో ప్రత్యర్థి జట్టును 27 సార్లు ఔట్ చేయాలి. ఆ లోపు ఒక్క బ్యాటర్‌కూ హిట్ ఇవ్వకపోతే అదే ‘నో-హిట్టర్’. వాక్ ద్వారానో, ఫీల్డర్ తప్పు వల్లో ఎవరైనా బేస్ చేరినా లెక్క చెడదు. హిట్ మాత్రం పడకూడదు.

1962లో మొదలైన న్యూయార్క్ మెట్స్‌కు ఈ ఒక్క ఘనతే 50 ఏళ్లు దక్కలేదు. పోనీ మంచి పిచర్లు లేరా అంటే.. టామ్ సీవర్, నోలన్ రయన్, డ్వైట్ గుడెన్, డేవిడ్ కోన్ అందరూ అక్కడ ఆడినవాళ్లే! విచిత్రం ఏంటంటే, జట్టు మారాక ఈ నలుగురూ నో-హిట్టర్ సాధించారు. రయన్ అయితే ఏకంగా ఏడు. 1969 జూలై 9న సీవర్ మెట్స్ తరఫునే దాదాపు అందుకున్నాడు. చివరి ఇన్నింగ్స్‌లో ఇద్దరిని ఔట్ చేస్తే చాలు అనగా జిమ్మీ క్వాల్స్ హిట్ కొట్టేశాడు.

2012 జూన్ 1న, జట్టు 8,020వ మ్యాచ్‌లో ఆ కరువు తీరింది. పిచర్ యోహాన్ సాంటానా. భుజానికి సర్జరీ కావడంతో 2011 సీజన్ మొత్తం ఆటకు దూరమైన ఆటగాడు. అందుకే ఎక్కువ బంతులు వేయించకూడదని మేనేజర్ టెర్రీ కాలిన్స్ ముందే అనుకున్నారు. కానీ ఇన్నింగ్స్ గడిచేకొద్దీ హిట్ల కాలమ్‌లో సున్నా అలాగే ఉంది. ఆపితే చరిత్ర పోతుంది, ఆపకపోతే భుజం పోవచ్చు! కాలిన్స్ ఆపలేదు. సాంటానా 134 బంతులు వేశాడు. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌పై 8-0తో గెలుపు.

అదృష్టం కూడా కలిసొచ్చింది లెండి. కార్లోస్ బెల్ట్రాన్ కొట్టిన బంతి గీతకు తగిలినా అంపైర్ ఫౌల్ అన్నారు. అప్పట్లో ఇలాంటి వాటికి వీడియో రివ్యూ లేదు. ఏడో ఇన్నింగ్స్‌లో మైక్ బాక్స్‌టర్ గోడకు గుద్దుకుని మరీ క్యాచ్ పట్టాడు, గాయంతో బయటకు వెళ్లాడు.

అసలు విషయం ఆ తర్వాతి అంకెల్లో ఉంది. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడో చెప్పే లెక్కను ఈఆర్ఏ అంటారు. తక్కువుంటే మంచిది. ఆ రాత్రికి సాంటానా ఈఆర్ఏ 2.38. సీజన్ ముగిసేసరికి 4.85! 2013లో భుజానికి రెండో సర్జరీ. మళ్లీ మేజర్ లీగ్‌లో ఒక్క బంతీ వేయలేదు. ఆ 134 బంతులే కారణమా అన్నది ఇప్పటికీ తేలని వాదనే.

మెట్స్ రెండో నో-హిట్టర్ 2022 ఏప్రిల్ 29న ఫిలడెల్ఫియాపై వచ్చింది. ఈసారి మొత్తం 159 బంతులు. వాటిని ఐదుగురు పిచర్లు పంచుకున్నారు.