కొల్లేటి పల్లెల్లో పొదుపు సంఘం: పేదరిక నిర్మూలన సేవలకు తొలి వాకిలి

వ్యవసాయ విస్తరణ సేవల్లో చాలా వరకు పట్టాదారు పాసుపుస్తకంతో మొదలవుతాయి. రాయితీ విత్తనం, పంట రుణం, నష్టపరిహారం ఏదైనా సరే, భూమి ఎవరి పేరున ఉన్నదన్న ప్రశ్న ముందుగా ఎదురవుతుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసర గ్రామాల్లోను, కొల్లేటి లంకల్లోను కౌలు పొలంలో నాట్లు వేసే స్త్రీకి, చేపలు ఎండబెట్టి సంతలో అమ్ముకొనే స్త్రీకి, బాతులు మేపే కుటుంబపు ఇల్లాలికి ఆ పుస్తకం లేదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు 11 నెలల కాలానికి హక్కు పత్రం పొందే వీలు కల్పించింది. అయితే అందుకు భూ యజమాని సమ్మతి కావాలి. నోటిమాటపై నడిచే కౌలులో ఆ సంతకం సులభంగా దొరకదు. ఇటువంటి మహిళలకు బ్యాంకు వైపు, ప్రభుత్వ సేవల వైపు తెరుచుకొన్న వాకిలి పొదుపు సంఘమే. కనుక సంఘ సమావేశంలో ఏ విషయం ఏ విధంగా బోధిస్తున్నారన్నది విస్తరణ శాస్త్రం పట్టించుకోవలసిన అంశం.

సంఘ వ్యవస్థ పరిణామం

గ్రామీణ మహిళల కోసం డ్వాక్రా పథకం 1982లో ఆరంభమైంది. పొదుపు సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే కార్యక్రమాన్ని నాబార్డు 1992లో చేపట్టింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతుల చర్చ నుండి సారా వ్యతిరేక ఉద్యమం పుట్టినది కూడా ఆ రోజుల్లోనే. మహిళలు కలిసి కూర్చుని తమ బ్రతుకును గురించి చదువుకొన్నప్పుడు ఆ చదువు ఆచరణకు దారితీస్తుందని ఆ ఉద్యమం నిరూపించింది.

2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అనగా సెర్ప్, ఏర్పడింది. వెలుగు పథకం తొలుత ఆరు జిల్లాల్లో మొదలై, 2003 తరువాత పశ్చిమ గోదావరి, కృష్ణా సహా మిగిలిన జిల్లాలకు విస్తరించింది. సాధారణంగా పది నుండి పదిహేను మంది సభ్యులతో సంఘం, సంఘాలన్నీ కలిసి గ్రామైక్య సంఘం, ఆపైన మండల, జిల్లా సమాఖ్యలు అనే అంచెల వ్యవస్థ ఈ క్రమంలో స్థిరపడింది. పట్టణాల్లో ఈ బాధ్యత మెప్మాది. ఏలూరుకో తాడేపల్లిగూడేనికో వలస వచ్చిన కుటుంబం ఒక సంస్థ పరిధి నుండి మరొక సంస్థ పరిధిలోకి మారుతుంది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు కృష్ణా జిల్లాలోని కైకలూరు, మండవల్లి మండలాలు అందులో చేరాయి. ఆకివీడు, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో నిలిచాయి. ఒకే సరస్సు చుట్టూ ఉన్న గ్రామాలు రెండు జిల్లాల కార్యాలయాలకు వెళ్లవలసి ఉంటుంది. అవగాహన పాఠంలో మొదటి అంశం ఇదే కావాలి: ఏ పనికి ఏ కార్యాలయానికి వెళ్లాలి?

సరస్సు విధించే పరిమితులు

కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యమైంది. అయిదవ కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్లు ఆ పరిధిలోకి వస్తాయి. 2002లో అది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2005-06లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తొలగించింది. ఈ చరిత్ర తెలియకుండా జీవనోపాధి రుణాన్ని గురించి బోధించడం ప్రమాదకరం.

కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయం 2018-19 నుండి మత్స్య రంగానికి కూడా వర్తిస్తున్నది. కౌలుదారులు, స్వయం సహాయక సంఘాలు, మహిళా బృందాలు దీనికి అర్హులు. 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మహిళలకు 60 శాతం వరకు రాయితీ ఉన్నది. అయితే అభయారణ్యం హద్దు లోపల చేపల చెరువు నిషిద్ధం. అక్కడ చెరువు కోసం అప్పు చేసిన సంఘం, చెరువు పోయినా అప్పు తీర్చక తప్పదు. హద్దు లోపలి గ్రామాల సంఘాలకు సంప్రదాయ చేపల వేటతో ముడిపడిన పనులు, అనగా ఎత్తైన అరలపై శుభ్రంగా చేపలు ఎండబెట్టడం, వలల తయారీ, చేపల విక్రయం, వీటితోపాటు పెరటి బాతుల పెంపకం, పాడి వంటివి అనువైనవి.

మే నెల పాఠం

పథకం పేరు తెలిసినంత మాత్రాన సేవ అందదు. ఇందుకు బీమా మంచి ఉదాహరణ. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు చెల్లిస్తే ప్రమాద మరణానికి 2 లక్షల రూపాయలు వస్తాయి. జీవన జ్యోతి బీమాకు 436 రూపాయలు. అది ఏ కారణంగా మరణించినా వర్తిస్తుంది. రెండింటికీ బీమా సంవత్సరం జూన్ 1న మొదలవుతుంది. మే నెలాఖరున ఖాతాలో సొమ్ము లేకపోతే రక్షణ ఆగిపోతుంది.

పడవపై వేటకు వెళ్లే కుటుంబానికి ఇంతకంటే ముఖ్యమైన మాట మరొకటి ఉన్నది. నీట మునిగి మరణించినప్పుడు ఆ సంగతి పోలీసుల వద్ద నమోదు కావాలి. పాముకాటుకు వెంటనే చేరిన ఆసుపత్రి రికార్డు ఆధారం. దుఃఖంలో ఉన్న కుటుంబం ఫిర్యాదు ఇవ్వకుండా అంత్యక్రియలు ముగిస్తే, ప్రీమియం కట్టినా పరిహారం రావడం కష్టమవుతుంది. నామినీ పేరు, ఖాతా నిల్వ, నమోదు అనే మూడింటిని మే నెల సమావేశంలో ప్రతి సభ్యురాలి చేత సరిచూపించడానికి ఒక్క గంట చాలు.

వడ్డీ లెక్క

రుణ విషయంలోనూ బోధన లెక్కతో సాగాలి. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 20,000 రూపాయలు తెచ్చుకొంటే ఏడాదికి వడ్డీయే 7,200 రూపాయలు. అదే సొమ్ముకు ఏడాదికి 7 శాతం చొప్పున 1,400 రూపాయలు. తేడా 5,800 రూపాయలు. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద 3 లక్షల రూపాయల వరకు సంఘ రుణాలకు ఈ 7 శాతం వడ్డీ వర్తిస్తుంది. సభ్యురాలు తన సొంత అప్పును ఈ విధంగా లెక్కించుకొన్నప్పుడు క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాల చెల్లింపు, పుస్తక నిర్వహణ అనే పంచసూత్రాల అర్థం ఆమెకు స్వయంగా బోధపడుతుంది. పుస్తకాలు సరిగా లేని సంఘానికి బ్యాంకు తలుపు తెరవదు. ఆ లోపం మూల్యాన్ని చెల్లించేది అందరికంటే పేద సభ్యురాలు.

విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం

సంఘం రుణం కోరేముందు తయారు చేసే సూక్ష్మ రుణ ప్రణాళికలో ప్రతి కుటుంబపు ఆదాయం, ఖర్చు, అప్పు, అవసరం నమోదవుతాయి. సాంకేతిక సలహా చేరవలసిన చోటు అదే. పాడి గేదె కొనదలచిన సభ్యురాలికి మేత, ఈత, బీమా లెక్కలు అప్పుడే అందితే రుణం నిలబడుతుంది. కొన్న తరువాత ఇచ్చే శిక్షణ ఆలస్యమైన మందు వంటిది. వెంకట్రామన్నగూడెం, ఉండి కృషి విజ్ఞాన కేంద్రాలు తమ శిక్షణల తేదీలను గ్రామైక్య సంఘాల సమావేశాలతోను, వేట, కోత కాలాలతోను సరిపోల్చుకొంటే హాజరు కోసం వెదకనక్కరలేదు.

గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో పల్లెకు వెళ్లే విద్యార్థులు ఒక సంఘాన్ని ఎంచుకొని, ఏ సేవ ఏ నెలలో, ఏ కాగితంతో, ఏ కార్యాలయంలో లభిస్తుందో తెలిపే వార్షిక పట్టికను సభ్యుల నోటి నుండే రాయించవచ్చు. పాసుపుస్తకం లేని సభ్యురాళ్ల వివరాలతో ఆ పట్టిక ఆరంభం కావాలి. ఎందరు హాజరయ్యారన్నది అవగాహన కార్యక్రమానికి కొలమానం కాదు. జూన్ నెలలో ఎన్ని బీమాలు కొనసాగుతున్నాయి, ఎన్ని దరఖాస్తులు లోపం లేకుండా చేరాయి, ఎన్ని కుటుంబాలు అధిక వడ్డీ అప్పు నుండి బయటపడ్డాయి అన్నవే దానికి తగిన కొలమానాలు.