ధైర్యం చెబితే ఓసీడీ తగ్గుతుందా?

"గ్యాస్ కట్టేశానా అండీ?" "కట్టేశావులే, నేను చూశాగా." ఓసీడీ (వదలని అనుమానాలతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు) ఉన్న ఇంట్లో ఈ ప్రశ్న, ఈ జవాబు పడుకునేలోగా ఎన్నిసార్లు నడుస్తాయో లెక్కుండదు. జవాబు చెప్పేవాళ్లకు తెలిసిన సాయం అదొక్కటే. అడిగే మనిషికి ఆ క్షణం ఊపిరాడుతుంది. కాసేపటికే అనుమానం మళ్లీ తలెత్తుతుంది, మర్నాటికి ఇంకాస్త ముదురుతుంది. ఈ జబ్బుకు మాటలతో, సాధనతో చేసే చికిత్స మీద మనకున్న అపోహల్లో చాలావరకు ఇక్కడే పుడుతున్నాయి. ధైర్యం చెప్పడమే చికిత్స అనుకుంటున్నాం.

అపోహ: ఓసీడీ అంటే అతిశుభ్రం. కాస్త చాదస్తం, అంతే.

2017లో వచ్చిన 'మహానుభావుడు' సినిమాతో ఓసీడీ అన్న మాట చాలా తెలుగిళ్లకు చేరింది, నవ్వుతో కలిసి చేరింది. ఇల్లు అద్దంలా ఉంచుకునే మనిషికి ఆ పనిలో తృప్తి ఉంటుంది. ఓసీడీ ఉన్నవాళ్లు రెండు గంటలు స్నానం చేసినా ఏడుస్తూ బయటికొస్తారు. చేతులు కడగడం ఈ జబ్బుకున్న రూపాల్లో ఒకటి మాత్రమే. బండి గతుకులో పడితే ఎవరినో గుద్దేశానేమోనని వెనక్కి వెళ్లి రోడ్డంతా వెతికేవాళ్లున్నారు. శ్లోకంలో ఒక్క అక్షరం తడబడిందని మొదటి నుంచి పదేపదే చదివేవాళ్లున్నారు. కొందరిలో ఈ తంతు అంతా మనసులోనే జరుగుతుంది, పక్కన కూర్చున్నవాళ్లకు కూడా తెలియదు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్కన మన దేశంలో పెద్దవాళ్లలో వెయ్యికి దాదాపు ఎనిమిది మందికి ఇది ఉంది.

అపోహ: పాడు ఆలోచన వచ్చిందంటే మనసులో ఆ కోరిక ఉన్నట్టే.

మనుషుల్ని ఏళ్ల తరబడి డాక్టరు గడప తొక్కనివ్వనిది ఈ నమ్మకమే. పూజలో కూర్చోగానే దేవుడి మీద బూతు ఆలోచన. కూరగాయలు తరుగుతుంటే, ఈ కత్తి బిడ్డకు తగిలిస్తానేమోనన్న భయం. ఆ తల్లి వంటింట్లోకి వెళ్లడం మానేస్తుంది, బిడ్డతో ఒంటరిగా ఉండనంటుంది, ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పదు.

1978లో రాక్‌మన్, డి సిల్వా అనే పరిశోధకులు ఏ జబ్బూ లేనివాళ్లను అడిగి చూశారు. ఇలాంటి ఆలోచనలే చాలామందికి వస్తున్నాయని తేలింది. 2014లో 13 దేశాల్లో 777 మంది విద్యార్థులను అడిగితే, గత మూడు నెలల్లో కనీసం ఒక్కసారైనా వచ్చిందన్నవారు నూటికి 94 మంది. వాళ్లు "ఛీ, ఇదేం ఆలోచన" అనుకుని పనిలో పడిపోయారు. ఓసీడీ ఉన్న మనిషి అలా వదిలేయలేరు. "ఇలాంటిది నాకెందుకొచ్చింది? ఏదైనా జరిగితే పాపం నాదే కదా" అని దానికి కాపలా కూర్చుంటారు. ఆలోచనను తరిమికొట్టాలని చూస్తే అది ఇంకా మొండికేస్తుంది.

ఆ తల్లి తన ఆలోచనకు తనే వణికిపోతోంది. బిడ్డ మీద ప్రేమ ఉండబట్టే ఆ భయం. ఇలాంటి ఆలోచనలు ఈ చికిత్స చేసేవాళ్లు తరచూ వినేవే, సిగ్గుపడకుండా చెప్పేయొచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. కాన్పయిన తల్లి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, లేని గొంతులు వినపడుతున్నాయన్నా, బిడ్డకు హాని చేయడం సబబే అన్నట్టు మాట్లాడినా అది వేరే జబ్బు. అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

అపోహ: కౌన్సెలింగ్ ఎవరు చేసినా ఒకటే. మనసు విప్పి మాట్లాడితే తేలికపడుతుంది.

మనసు తేలికపడొచ్చు, ఓసీడీ మాత్రం అలా తగ్గదు. దీనికి పనిచేస్తుందని గట్టిగా రుజువైన పద్ధతిని ఈఆర్‌పీ అంటారు. భయపెట్టేదానికి కావాలనే ఎదురు నిలవడం, ఆ భయం తగ్గించుకోవడానికి అలవాటుగా చేసే పనిని చేయకుండా ఉండడం, ఈ రెండూ కలిస్తేనే ఈఆర్‌పీ. 1966లో లండన్ మిడిల్‌సెక్స్ ఆస్పత్రి నుంచి విక్టర్ మేయర్ ఇద్దరు రోగులతో దీన్ని మొదట నివేదించాడు. అప్పట్లో నర్సులు దగ్గరుండి ఆపేవారు. ఇప్పుడు ఆపుకునేది రోగే, తన ఒప్పుదలతోనే.

ముందుగా భయాలన్నీ రాసి, ఒక్కోదానికి సున్నా నుంచి వంద దాకా మార్కులేస్తారు. బస్సు కడ్డీ పట్టుకోవడానికి ముప్ఫై, చెప్పులు చేత్తో తీయడానికి యాభై, చెత్తబుట్ట మూత ముట్టుకుని అదే చేత్తో అన్నం తినడానికి ఎనభై అనుకోండి. కడ్డీతో మొదలవుతుంది. పట్టుకున్నాక చేతులు కడగకూడదు. గుండె దడదడలాడుతుంది, కడిగేయమని మనసు పోరు పెడుతుంది. గోకిన కొద్దీ పెరిగే దురద లాంటిదే ఈ పోరు, ఓర్చుకుని వదిలేస్తే దానంతటదే మెత్తబడుతుంది. ఆ రోజు మెత్తబడకపోయినా నష్టం లేదు. అనుకున్న ముప్పు రాలేదని, ఆ దడను తాను తట్టుకోగలనని ఆ మనిషికి అనుభవంలో తెలుస్తుంది. ఎంత నచ్చజెప్పినా రాని నమ్మకం ఇలా చేసి చూస్తేనే వస్తుంది. అందుకే వారానికో గంట గదిలో కూర్చోవడం కంటే, మిగతా రోజుల్లో ఇంట్లో చేసే సాధనే ఇందులో పెద్ద భాగం.

2005లో అమెరికాలో 122 మంది పెద్దల మీద చేసిన అధ్యయనం ఫలితాలొచ్చాయి. పన్నెండు వారాల్లో చెప్పుకోదగ్గ మెరుగు కనిపించినవారు ఈఆర్‌పీతో నూటికి 62, క్లోమిప్రమిన్ మందుతో 42, రెండూ కలిపితే 70, మందు లేని ఉత్త మాత్రతో 8. అదే ఏడాది బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు ఓసీడీకి సైకో అనాలిసిస్, హిప్నాసిస్ పనిచేస్తాయనడానికి నమ్మదగిన ఆధారం లేదని చెప్పాయి. "కౌన్సెలింగ్ కూడా అయిపోయింది, లాభం లేదు" అని ఆశ వదులుకున్నవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్లలో ఎంతమందికి అసలు చికిత్సే అందలేదో!

అపోహ: మురికిలో చేతులు పెట్టిస్తారు, దేవుణ్ని తిట్టిస్తారు.

మామూలు మనుషులు రోజూ చేసే పనుల చుట్టూనే సాధన ఉంటుంది. భక్తి ఉన్నవాళ్ల చేత వాళ్ల ధర్మం ఒప్పుకోనిది మంచి థెరపిస్టు చేయించరు. శ్లోకం ఒక్కసారే చదివి, తప్పు దొర్లిందేమోనన్న అనుమానంతోనే లేచి వచ్చేయమంటారు.

అపోహ: మందులు వాడితే ఇవన్నీ అక్కర్లేదు.

జబ్బు తీవ్రంగా ఉంటే రెండూ కావాలి. మందులు ఓసీడీలో పనిచేయడానికి పది పన్నెండు వారాలు పట్టొచ్చు. థెరపీ మొదలైందని వాటిని సొంతంగా ఆపేయకూడదు.

అపోహ: అడిగినట్టు చేస్తే ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది.

బయటి నుంచి రాగానే అందరూ తలస్నానం చేయాలి, ఫలానా కుర్చీలో ఎవరూ కూర్చోకూడదు, రాత్రి తాళం నాన్నే చూడాలి. ఇలా ఒక్కో నియమం చేరుతూ ఇంటిల్లిపాదీ జబ్బు చెప్పినట్టు నడుస్తారు. ప్రేమతోనే చేస్తారు, కానీ దాంతో అనుమానానికి బలం పెరుగుతుంది. అలాగని ఒక్కరోజులో అన్నీ మానేసి ఆ మనిషిని ఒంటరిని చేయడం మరీ అన్యాయం. థెరపిస్టు దగ్గర అందరూ కలిసి కూర్చుని, ఏ జవాబు ఎప్పటి నుంచి మానాలో ముందే ఒప్పుకోవాలి. ఆ తర్వాత "గ్యాస్ కట్టేశానా?" అంటే "దీనికి జవాబు చెప్పొద్దనుకున్నాం కదా. నీ పక్కనే ఉంటాను, కాసేపు కూర్చుందాం" అనడం సాయం.

అపోహ: ఇవన్నీ మన దగ్గర దొరకవు.

ఈఆర్‌పీ తెలిసినవాళ్లు చాలినంతమంది లేరన్నది నిజమే. ఐనా దారులున్నాయి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. ఎక్కడ అడగాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయొచ్చు. అది టెలి మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. మొదటి రోజే మొహమాటం లేకుండా మూడు విషయాలు అడగండి: ఓసీడీకి ఈఆర్‌పీ చేస్తారా, ఇంటి దగ్గర ఏం సాధన ఇస్తారు, ఇంట్లోవాళ్లను ఎప్పుడు తీసుకురావాలి.