దొర్కా తీసిన కొలతలు

యొప్పేలో దొర్కా చనిపోయింది. లుద్ద నుండి పేతురు వచ్చి మేడగది ఎక్కేసరికి విధవరాండ్రు ఏడుస్తూ నిలుచున్నారు. ఆమె బ్రతికుండగా తమకోసం కుట్టిన అంగీలను, వస్త్రాలను ఆయనకు చూపించారు (అపొ.కా. 9:36-42). ఆమె విశ్వాసానికి వారు చూపిన సాక్ష్యం అదే. పేతురు మోకరించి ప్రార్థించగా ప్రభువు ఆమెను తిరిగి వారికి అప్పగించాడు.

పాతబట్టలు ఎవరికైనా ఇచ్చేయవచ్చు. కుట్టాలంటే మాత్రం కొలత కావాలి. కొలత తీయాలంటే ఆ మనిషి దగ్గరకు వెళ్ళాలి, భుజం మీద చెయ్యి వేయాలి. దొర్కా ఆ విధవరాండ్రను అంత దగ్గరగా ఎరిగి ఉంటుంది.

1834లో ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపంలోని డగ్లస్‌ పట్టణస్థులు కలరా నుండి తప్పించబడినందుకు కృతజ్ఞతగా దొర్కా పేరిట ఒక సమాజం స్థాపించి బీదలకు బట్టలు అందించారు. తరువాత ఇలాంటి సమాజాలు అనేక దేశాల్లో వెలిశాయి.

మన హుజూరాబాద్ పక్కనే జమ్మికుంట పత్తి మార్కెట్ ఉంది. మనకు బట్టకు కరువు లేదు. క్రిస్మస్‌కు చీరలు పంచుతాం; నేనూ పంచాను. ఒక అవ్వ ఆ చీర మడత విప్పనే లేదు. ఎందుకని అడిగితే, "రైక కుట్టియ్య పైసలెక్కడియి అయ్యగారూ?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ప్రియ సహోదరీలారా, మీ ఇంట్లో మూలనున్న కుట్టుమిషన్ ప్రభువుకు కావాలి. వారానికొక సాయంత్రం స్త్రీల సమాజంగా కలిసి కూర్చోండి. చీర ఇచ్చేముందు అవ్వ కొలత తీసుకోండి. మనం పోయిననాడు చూపించడానికి ఎవరి ఒంటిమీదనైనా మన చేతి కుట్టు ఉంటుందా?